బూజు కనబడని వేరుశనగలోనూ విషం ఉండొచ్చు

వేరుశనగ పప్పులో బూజు పట్టిన గింజలు ఏరి పారేసి, మిగతావి మంచివే అనుకుంటాం. నాకు భయం ఆ మిగతావాటి గురించే. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు ఎంత పెరిగిందన్నది ఒక లెక్క. అది అఫ్లాటాక్సిన్ అనే విషం ఎంత చేసిందన్నది వేరే లెక్క.

ల్యాబ్‌లో చూస్తే ఇది బాగా తెలుస్తుంది. 37 డిగ్రీల వేడిలో ఈ బూజు ఏపుగా పెరుగుతుంది, విషం మాత్రం బాగా తగ్గిపోతుంది. అదే 30 డిగ్రీల దగ్గరైతే దండిగా చేస్తుంది. తరతరాలుగా ల్యాబ్‌లోనే పెంచుతూ పోతే కొన్ని రకాలు విషం చేయడమే మానేస్తాయి. జపాన్‌లో మిసో అనే పులియబెట్టిన సోయా ముద్ద తయారీకి వాడే ఆస్పర్‌జిల్లస్ ఒరైజే దీనికి దగ్గరి చుట్టమే. దాన్నుంచి అఫ్లాటాక్సిన్ రాదు.

ఇక అనంతపురం చేను చూడండి. కాయ ముదిరే చివరి వారాల్లో వాన ముఖం చాటేస్తుంది. ఎర్రనేల వేడెక్కి కాయ చుట్టూ మట్టి దాదాపు ఆ 30 డిగ్రీలకే చేరుతుంది. పచ్చిగా ఉన్న గింజ బూజును అడ్డుకునే రసాయనాలను తానే చేసుకుంటుంది. నీళ్లు చాలక వడలిన గింజకు ఆ శక్తి పోతుంది. అంటే రైతు చెట్టు పీకకముందే విషం లోపలికి వచ్చేసి ఉండొచ్చు.

కోత తర్వాత జరిగేది మాత్రం మన చేతిలోనే ఉంది. ఆరబెట్టిన కాయను చెవి దగ్గర పెట్టి ఊపితే గింజ గలగలమనాలి. అంత బాగా ఎండిన కాయల మీదే, పప్పు విరగకుండా ఉండాలని, కాయ కొట్టించే ముందు నీళ్లు చల్లే అలవాటుంది. రైతు నెలల కష్టం ఆ ఒక్క బిందెతో పోతుంది. తడిసిన పప్పు గోతంలో కూర్చుంటే బూజుకు ఇంకేం కావాలి? ఒకసారి చేరిన విషం వేయించినా పూర్తిగా పోదు. నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్క తిన్న గేదె పాలల్లోకీ వస్తుంది.

1974లో గుజరాత్, రాజస్థాన్ గిరిజన పల్లెల్లో అకాల వర్షాలకు తడిసిన మొక్కజొన్న తిని దాదాపు 400 మంది కామెర్లతో జబ్బుపడ్డారు. 106 మంది చనిపోయారు. ఆ తిండి తిన్న కుక్కలూ బతకలేదు. కారణం ఈ అఫ్లాటాక్సినేనని తేల్చింది మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థే.

ఇంత తెలిసినా యార్డులో కాయ కొనేది బరువు చూసే. తేమ ఉంటే తూకం పెరుగుతుంది, ఎండబెట్టిన రైతుకు తూకంలో నష్టం. నా దృష్టిలో అసలు తప్పు ఇదే. నేరుగా తినే వేరుశనగలో అఫ్లాటాక్సిన్ కిలోకు 4 మైక్రోగ్రాములు దాటితే యూరప్ ఒప్పుకోదు. మన దగ్గర పరిమితి అంతకు రెట్టింపు పైనే. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తక్కువ ఖర్చుతో ఈ విషాన్ని పట్టే పరీక్షను ఎప్పుడో తయారుచేసింది. ప్రతి యార్డులో ఆ పరీక్ష, ఒక తేమ మీటర్ పెట్టి, ఎండిన కాయకు క్వింటాల్‌కు ఇంత అని ఎక్కువ ధర కట్టాలి. నీళ్లు చల్లిన సరుకును తూకం దాకా రానివ్వకూడదు.