మీటరుకు దుకాణం, ప్లానుకు ఇల్లు

నాలుగైదు రోజుల కిందట పొద్దున కాఫీ తాగుతూ పత్రికలో ఆ చిన్న అక్షరాల ప్రకటన చదివాను. టెండర్లు, పేరు మార్పిడి ప్రకటనలు వేసే పేజీలో ఒక మూల ఉంది. మన కాలనీ వెనక ఉన్న రెండెకరాల ఖాళీ స్థలాన్ని ‘నివాస’ వినియోగం నుంచి ‘వాణిజ్య’ వినియోగానికి మార్చమని దరఖాస్తు వచ్చిందట. అభ్యంతరాలు, సూచనలు ఉంటే పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపాలట. స్థలం ఎక్కడుందో చెప్పడానికి నాలుగు హద్దులూ సర్వే నంబర్లలో ఇచ్చారు. పిల్లలు క్రికెట్ ఆడే చోటు, నాలా పక్కన, చింతచెట్టు దగ్గర అంటే కాలనీలో ఎవరికైనా తెలుస్తుంది. ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్న నాకే ఇంటి దస్తావేజు బయటికి తీసి, పాత లేఅవుటు పటం పక్కన పెట్టుకుంటే గానీ ఆ నంబర్లు అర్థం కాలేదు. అప్పటికి కాఫీ చల్లారిపోయింది.

కాలనీ వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టాను. పది నిమిషాల్లో రెండు జట్లు తయారయ్యాయి. ‘మాల్ వస్తే మన గజం ధర ఎక్కడికో వెళ్తుంది, అడ్డుపడకండి’ అని ఒక జట్టు. ‘కాలనీ కాలనీలా ఉండాలి, ముందు ఉన్న దుకాణాలన్నీ మూయించాలి’ అని ఇంకో జట్టు. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది. గ్రూపులో రాస్తే గుడ్ మార్నింగ్ పువ్వుల మధ్య కొట్టుకుపోతుందని ఇక్కడ రాస్తున్నాను. పొడుగైంది, ఓపిక ఉన్నవాళ్లే చదవండి.

ముందు రెండో జట్టు సంగతి. నగరం పడమటి శివారులో హౌసింగ్ బోర్డు ఈ ఇళ్లు ఇచ్చిన రోజుల్లో ఎంఐజీ, అంటే మధ్యాదాయ వర్గం ఇల్లంటే రెండు గదులు, వంటిల్లు, పెరట్లో జామచెట్టుకు చోటు. కాలనీ మధ్యలో ‘షాపింగ్ కాంప్లెక్స్’ అని పన్నెండు షట్టర్లు కట్టారు. ఆ పన్నెండూ ఏనాడూ నిండుగా తెరుచుకున్నది నేను చూడలేదు. కారణం మామూలే. పోపులో ఆవాలు అయిపోతే ఎవరూ అర కిలోమీటరు నడవరు. అందుకే రెండో ఏడు తిరక్కుండానే మూలింటి వాళ్లు ముందు గదిలో కిరాణా కొట్టు పెట్టారు, పక్క వీధి వదిన గారు కుట్టు మిషను వేశారు, వేపచెట్టు కింద ఇస్త్రీ బండి వచ్చింది. ఇవన్నీ నిబంధనలకు విరుద్ధమే. ఇవి లేకపోతే కాలనీలో ఒక్క రోజు గడిచేది కాదన్నదీ అంతే నిజం. ఆ మాటకొస్తే ఇల్లు ఒక పేటలో, పని ఇంకో పేటలో ఉండాలని గీత గీసింది మన తాతలు కాదు. పాత ఊళ్లలో ముందు అంగడి, వెనక ఇల్లు. పోచంపల్లికి వెళ్లి చూడండి, మగ్గం గుంట నట్టింట్లోనే ఉంటుంది. కాబట్టి ‘ఇళ్ల మధ్య దుకాణాలా’ అని ముక్కు విరిచే వాళ్లతో నాకు పడదు. మనం ముక్కు విరుస్తూనే ఆ దుకాణం నుంచే పాల ప్యాకెట్ తెప్పించుకుంటాం.

నేనూ ఏమీ తక్కువ తినలేదు. అమ్మ పోయాక మా కింది వాటా నాలుగేళ్లు ట్యూషన్ సెంటరుకు అద్దెకు ఇచ్చాను. సాయంత్రం ఐదింటికి నలభై సైకిళ్లు వీధిలో వాలేవి. ఎదురింటి మాస్టారు మొదట్లో మర్యాదగా చెప్పారు, తర్వాత మాట్లాడటం మానేశారు. ఆయన అలిగినందుకు నేను ఇవాళ్టికీ తప్పు పట్టను.

ఆ ట్యూషన్ సెంటరు పుణ్యమా అని నాకు ఒక విషయం తెలిసింది. ఏడాది తిరిగేసరికి కరెంటు వాళ్లు వచ్చి బోర్డు చూసి, కింది మీటరును గృహ వినియోగం నుంచి రెండో కేటగిరీకి, అంటే వాణిజ్యానికి మార్చారు. యూనిట్ ధర పెరిగింది. ఆ వెనకే ఆస్తి పన్ను మారింది, కింది వాటాకు నివాసేతరం లెక్క. ట్యూషన్ నడిపే అబ్బాయి ట్రేడ్ లైసెన్స్ కూడా తెచ్చుకుని, రసీదు అద్దంలో కట్టించి గోడకు వేలాడదీశాడు. మూడు చోట్ల మా ఇంటి కింది భాగం దుకాణమే. టౌన్ ప్లానింగ్ కాగితంలో మాత్రం అది నిఖార్సైన ఇల్లు. పన్ను కట్టించుకున్నంత మాత్రాన కట్టడం సక్రమమైనట్టు కాదని మున్సిపాలిటీ వాళ్లే చెబుతారు, కావలసి వస్తే నోటీసులోనూ రాస్తారు. నా గొడవంతా ఇక్కడే ఉంది. వాడకం మారిందని డబ్బు వసూలు చేసే ప్రతి కిటికీ దగ్గరా ఒప్పుకుంటారు. అదే వాడకానికి తగ్గ నీళ్లు, డ్రైనేజీ, రోడ్డు ఇవ్వాల్సిన కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఆ ఇంట్లో ఇంకా ఒక గుమాస్తా కుటుంబమే కాపురం ఉంటున్నట్టు మాట్లాడతారు.

మా ఎదురు వరుసలో జామచెట్టు ఇల్లు గుర్తుందా? అమ్మేశారు. కొన్నవాళ్లు తీసుకున్న అనుమతి కింద ఒక అంతస్తు, పైన రెండు. ఇప్పుడు లెక్కపెడితే ఐదు. కింద పార్కింగ్ కోసమని చూపిన స్టిల్టులో, అంటే స్తంభాల మధ్య ఖాళీగా ఉండాల్సిన చోట, ఒక పక్క మందుల షాపు, ఇంకో పక్క కర్రీ పాయింట్. పైన నాలుగు అంతస్తులూ లేడీస్ హాస్టల్. ఆ అమ్మాయిల మీద నాకు వీసమెత్తు ఫిర్యాదు లేదు. దూరపు ఊళ్ల నుంచి ఉద్యోగాలకు వచ్చిన పిల్లలు, ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. కానీ హాస్టలు ముందున్న మ్యాన్‌హోల్ రోజూ పొద్దున ఎనిమిదింటికి పొంగుతుంది. గడియారం చూసుకోనక్కర్లేదు. నాలుగు అంతస్తుల్లో ఒకేసారి స్నానాలవుతాయి, కింద ఉన్నది ముప్పై ఏళ్ల కిందట ఇంటికి ఐదుగురు చొప్పున లెక్కేసి పరిచిన గొట్టం. కర్రీ పాయింట్ అతను మ్యాన్‌హోల్ చుట్టూ నాలుగు ఇటుకలు పేర్చి, వాటి మీద చెక్క వేసి, కస్టమర్లకు దారి చేశాడు. ఈ కాలనీలో నా కళ్లకు కనిపించిన ఒకే ఒక పట్టణ ప్రణాళిక ఆ చెక్క.

మొన్న ఆదివారం మా అబ్బాయికి టేపు చివర ఇచ్చి వీధి కొలిచాను. ప్లానులో నలభై అడుగులు. ఇటు ర్యాంపు, అటు జనరేటరు, రెండు పక్కలా బైకులు పోగా అంబులెన్సుకు మిగిలింది పదిహేడు అడుగులు. కొలత ఎందుకు చెబుతున్నానంటే మన రాష్ట్రంలో కట్టడాల లెక్కంతా రోడ్డు వెడల్పు చుట్టూనే తిరుగుతుంది. చాలా నగరాల్లో స్థలానికి ఇన్ని రెట్లు మించి కట్టకూడదని పరిమితి ఉంటుంది. హైదరాబాద్‌లో 2006 నిబంధనలతో ఆ పరిమితి ఎత్తేశారు. రోడ్డు ఎంత వెడల్పు, చుట్టూ ఎంత ఖాళీ వదిలారు అన్న దాన్ని బట్టే ఎత్తు. 2012లో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు, జీవో 168 కూడా ఆ దారిలోనే నడిచింది. అలాంటప్పుడు కాగితం మీది నలభైకీ నేల మీది పదిహేడుకూ మధ్య తేడాను ఎవరు చూడాలి? ఆ పైన 2020లో, కట్టడాలకు ఆన్‌లైన్‌లో అనుమతులిచ్చే తెలంగాణ చట్టం టీఎస్ బీపాస్ వచ్చింది. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణ ఇస్తే వెంటనే అనుమతి. లంచాల బెడద తగ్గించడానికి మంచి ఆలోచనే, కాదనను. కానీ ‘నా మాట నమ్మండి’ అని రాసిచ్చిన వాడు ఐదో అంతస్తు వేస్తుంటే వచ్చి చూసేవాడు ఉండాలి. మా వీధికి ఎవరూ రాలేదు. వచ్చారని, చూసి వెళ్లారని అనేవాళ్లూ ఉన్నారు. నాకది ఇంకా బాధ.

ఇక ధర పెరుగుతుందని సంబరపడే జట్టు. అయ్యా, 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకసారి చూడండి. మీరట్ శాస్త్రినగర్‌లో అచ్చం మనలాంటి హౌసింగ్ బోర్డు స్థలం. ఇంటి కోసం ఇచ్చిన ప్లాటులో దుకాణాలు కట్టారు, ముప్పై ఏళ్లకు పైగా నడిపారు. ఎన్నేళ్లు గడిచినా, ఎంత డబ్బు పెట్టినా, అధికారులు ఎంతకాలం ఊరుకున్నా అక్రమం సక్రమం కాదని కోర్టు తేల్చింది. కూల్చమంది. చూస్తూ ఊరుకున్న అధికారుల మీదా చర్యలు తీసుకోమంది. 2025 అక్టోబరులో ఆ కట్టడం కూలింది. అక్కడ రోడ్డున పడింది ఎవరు? బతుకంతా ఆ షట్టరు వెనక పెట్టుకున్న చిన్న వ్యాపారులు. అందరూ చూసీ చూడనట్టు పోవడాన్ని మనం అనుమతి అనుకుంటున్నాం. గజం ధర గురించి మాట్లాడేటప్పుడు ఈ తీర్పు కూడా లెక్కలో వేసుకోండి.

దీనికి ఇంకో దారి లేకపోలేదు. 2006లో ఢిల్లీలో కోర్టు ఆదేశాలతో ఇళ్లలోని దుకాణాలకు వరుసగా సీళ్లు వేస్తే నగరం అట్టుడికిపోయింది. చివరికి వాళ్లు వీధుల జాబితా తీశారు. రెండు వేలకు పైగా వీధులు. ఏ వీధిలో కింది అంతస్తులో దుకాణం ఉండొచ్చు, ఎంత వెడల్పు రోడ్డయితే ఏది పెట్టొచ్చు, ఎంత కట్టాలి అని రాసి 2007 మాస్టర్ ప్లానులో ‘మిశ్రమ వినియోగం’ పేరుతో పెట్టారు. అది సవ్యంగా నడిచిందని నేను అనను, ఆ తర్వాత కూడా అక్కడ సీళ్లు పడ్డాయి. కానీ వీధికి ఒక మాట అంటూ చెప్పారు. మన దగ్గర ఒక్కో స్థలానికి ఒక్కో దరఖాస్తు, ఒక్కో జీవో. పక్క స్థలం సంగతి పక్క స్థలానిదే. గొట్టం మాత్రం అందరికీ ఒకటే.

ఇది మన కాలనీతో పోయేదీ కాదు. 2025 నవంబరులో వచ్చిన హిల్ట్, అంటే హైదరాబాద్ పారిశ్రామిక భూముల మార్పిడి విధానం ప్రకారం ఔటర్ రింగు రోడ్డు లోపల పాత పారిశ్రామిక వాడల్లోని సుమారు 9,292 ఎకరాలను బహుళ వినియోగానికి మార్చుకోవచ్చు. ఫ్యాక్టరీ ఉన్నచోట అపార్టుమెంట్లు, ఆఫీసులు, ఆస్పత్రులు. రుసుము రోడ్డు వెడల్పును బట్టి, రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం లేదా 50 శాతం. తక్కువకు కట్టబెడుతున్నారని ప్రతిపక్షం, కాలుష్యం బయటికి పోతుందని ప్రభుత్వం కొట్లాడుకుంటున్నాయి. నాకు ఆ రుసుము పేరే చిత్రంగా ఉంది. అభివృద్ధి ప్రభావ రుసుము. ప్రభావం పడేది వీధి మీద, రుసుము చేరేది ఖజానాకు. ఎత్తైన భవనాల నుంచి వసూలు చేసే ఇలాంటి రుసుమును వేరే ఖాతాలో వేసి, అందులో సగం అదే ప్రాంతంలో సౌకర్యాలకు ఖర్చు పెట్టాలని నిబంధనల్లోనే ఉంది. మా చుట్టుపక్కల అలాంటి భవనాలు ఎన్ని లేచాయో లెక్కలేదు. ఆ సగంలో కొత్త గొట్టం ఒక్క మూర కూడా మా వీధికి రాలేదు.

అందుకని అభ్యంతర పత్రం రాయడం మొదలుపెట్టాను. ‘మాల్ వద్దు’ అని రాయడం లేదు, దుకాణాలు మూయించమనీ రాయడం లేదు. మార్చండి, కానీ ముందు ఈ స్థలం నుంచి రోజుకు ఎంత మురుగునీరు వస్తుందో, అది ఏ గొట్టంలోకి పోతుందో, వచ్చే వాహనాలు ఏ పదిహేడు అడుగుల్లోంచి వెళ్తాయో రాసివ్వండి అని అడుగుతున్నాను. వసూలయ్యే రుసుములో మా ప్రాంతానికి రావాల్సిన వాటా ఎంత, ఏ పనికి, ఏ తేదీలోగా అనీ అడుగుతున్నాను. దాంతోపాటు, ఇప్పటికే దుకాణాలున్న మా మూడు వీధులను దుకాణాలున్న వీధులుగానే గుర్తించి, కింది అంతస్తు వరకు అనుమతించి, స్టిల్టును పార్కింగుకు ఖాళీ చేయించమని ఒక పేజీ. ఎదురింటి మాస్టారికి చిత్తుప్రతి చూపించాను. చాలా ఏళ్ల తర్వాత మా గుమ్మం ఎక్కారు. కళ్లజోడు సవరించుకుంటూ మూడు అక్షర దోషాలు దిద్ది, ‘ట్యూషన్ సెంటరు సంగతి కూడా రాయి, లేకపోతే వాళ్లే రాస్తారు’ అన్నారు. రాశాను.

గడువులో ఇంకా పది రోజులున్నాయి. ఈ ఆదివారం సాయంత్రం ఐదింటికి వాటర్ ట్యాంకు దగ్గర కలుద్దాం, సంతకాలు అక్కడే. వచ్చేటప్పుడు మీ కరెంటు బిల్లు, ఆస్తి పన్ను రసీదు జిరాక్సులు తెచ్చుకోండి. రెండో కేటగిరీ అని ఉన్న బిల్లులైతే మరీ మంచిది. సిగ్గుపడకండి, మొదటి జిరాక్సు నాదే.