కలిపేస్తే సరిపోతుందా?

చిన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయాలను విలీనం చేస్తేనే నిలబడతాయని ఒక వ్యాసంలో చదివాను. ఆ మాటతో నేను ఏకీభవించలేను. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 2022లో ఆరింటిని కలిపి రెండు చేశారు. పరిపాలన ఖర్చు తగ్గవచ్చు గానీ, విద్యార్థులే తగ్గిపోతుంటే దానివల్ల ఒరిగేదెంత? అమెరికాలోనే మరో రాష్ట్రమైన వెర్మాంట్‌లో 2023లో జరిగిన ఇలాంటి విలీనానికి ముందు గ్రంథాలయాలను పూర్తిగా డిజిటల్ చేస్తామని, పుస్తకాలు చాలావరకు తీసేస్తామని ప్రకటించారు. విద్యార్థులు, అధ్యాపకులు గట్టిగా ఎదురు తిరిగాకే వెనక్కి తగ్గారు. మంచి పని చేశారు వాళ్లు! ఖాళీగా పడి ఉన్న వసతిగృహాన్ని మూసేస్తే అభ్యంతరం లేదు, గ్రంథాలయం జోలికి మాత్రం వెళ్లకూడదు. దూరం వెళ్లి చదివే స్తోమత లేనివారికి దగ్గరి ప్రాంగణమే దిక్కు. ఏ కోర్సు ఎప్పుడు ఎత్తేస్తారో కనీసం ప్రవేశాలకు ముందే వాళ్లకు చెప్పాలి.