సమర్కండ్‌లో సున్నా, న్యూయార్క్‌లో స్వర్ణం

2024 చివరి రోజున న్యూయార్క్‌లో, ప్రపంచ బ్లిట్జ్ (కొద్ది నిమిషాల్లో ముగిసే మెరుపు చెస్) కిరీటాన్ని మాగ్నస్ కార్ల్‌సన్, ఇయాన్ నెపోమ్నియాషిలకు చెరిసగం పంచేసి అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే ఆ ఏడాదికి వీడ్కోలు పలికింది. ఫైనల్ సమమయ్యాక, ఎవరు ముందు గెలిస్తే వాళ్లదే కిరీటమనే సడెన్ డెత్‌లో మూడు గేములు డ్రా అయ్యాయి. స్కోరు 3.5-3.5. పంచుకుందామని కార్ల్‌సన్ ప్రతిపాదించాడు, అధ్యక్షుడు ద్వార్కోవిచ్ సరేనన్నారు. విజేత తేలేదాకా ఆడాలన్న నిబంధన ఏమైంది?

అంతకు ఏడాది ముందు, 2023 డిసెంబరులో, ఇదే టోర్నీ ఉజ్బెకిస్థాన్‌లోని సమర్కండ్‌లో జరిగింది. అక్కడ ఇదే నెపోమ్నియాషి, దానిల్ దుబోవ్‌తో ఆడిన గేము చెస్ అభిమానులెవరూ మరిచిపోరు. 13 ఎత్తులూ గుర్రాలవే. ఒక్క బంటు కదల్లేదు, ఒక్క పావు పోలేదు. గుర్రాలను బోర్డంతా తిప్పి డ్రా అనిపించుకున్నారు. ఇది ముందే మాట్లాడుకున్న వ్యవహారమని తేల్చి, డ్రాకు దక్కే అరపాయింటు ఇవ్వకుండా ఇద్దరికీ సున్నా వేశారు. సరైన పనే చేశారు. ఆడకుండా పంచుకున్న అరపాయింటు, ఆడి సంపాదించుకున్నవాడి నోటిదగ్గర కూడు.

మరి న్యూయార్క్‌లో ఆ న్యాయం ఏమైంది? ఫిడే ఒప్పుకోకపోతే వాళ్లు విసిగిపోయేదాకా చిన్న డ్రాలు చేసుకుంటూ పోదామని కార్ల్‌సన్ అన్న మాట వీడియోలో లోకమంతా విన్నది. సరదాకన్నానని తర్వాత సర్దిచెప్పుకొన్నాడు. సమర్కండ్‌లో అరపాయింటుకే సున్నా వేసినవాళ్లు, ఇక్కడ ఏకంగా కిరీటాన్నే చేతికిచ్చారు. ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం అంటే ఇదే. జీన్స్ ప్యాంటు గొడవలోనూ అంతే: జీన్స్ నియమానికి విరుద్ధమన్నందుకు కార్ల్‌సన్ అలిగి, అక్కడే ముందు జరిగిన ర్యాపిడ్ పోటీని (బ్లిట్జ్ కన్నా కాస్త నిదానంగా సాగే చెస్) వదిలేయగానే, బ్లిట్జ్ నాటికి దుస్తుల నియమం మెత్తబడింది.

ఇద్దరూ అలసిపోయారని, ఆ డ్రాలు పోరాడినవేనని కొందరి వాదన. కావచ్చు. అదే రోజు మహిళల ఫైనల్లో జు వెన్‌జున్, లే టింగ్‌జీ మాత్రం అలసిపోలేదా? 3.5-2.5తో విజేత తేలేదాకా వాళ్లు బల్ల వదల్లేదు. మూడు రోజుల ముందు అదే నగరంలో మన కోనేరు హంపి ర్యాపిడ్ కిరీటం గెలిచింది అరపాయింటు తేడాతోనే. చివరి రౌండ్లో డ్రాకు చేయి చాపకుండా ఆడి నెగ్గింది.

రేపు విజయవాడలోనో హనుమకొండలోనో జూనియర్ టోర్నీలో ఇద్దరు పిల్లలు చివరి రౌండ్లో కూడబలుక్కుని డ్రా చేసుకుంటే ఆర్బిటర్ (చెస్ అంపైర్) ఏ ముఖంతో సున్నా వేస్తారు? ‘కార్ల్‌సన్‌కు ఇచ్చారుగా’ అని వాళ్లడిగితే జవాబేది? ఆ జవాబు ద్వార్కోవిచ్ చెప్పాలి. వచ్చే టోర్నీలోగా సమర్కండ్ నియమమో, న్యూయార్క్ నియమమో ఏదో ఒకటి రాసిపెట్టాలి. పేరు చూసి నియమం మార్చే పనైతే ఆర్బిటర్లను కూర్చోబెట్టడం దేనికి?