ల్యాంప్‌షేడ్ సరే, మరి ఆట?

మార్కెట్ దొరికితే చాలు, సంప్రదాయ కళలు వాటంతట అవే బతుకుతాయని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. నేను సగమే ఒప్పుకుంటాను. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట ఆడించే కుటుంబాలు తోలుతో ల్యాంప్‌షేడ్‌లు, గోడకు తగిలించే బొమ్మలు చేసి అమ్ముతున్నాయి. దాంతోనే పొయ్యి వెలుగుతోంది, తప్పు పట్టను. ఆ ఊరి బొమ్మలాట కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఎంత సంబరపడ్డానో!

కానీ మా ఇంట్లో ఒక హనుమంతుడి బొమ్మ ఉంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే మేకతోలు మీది ఎరుపు, పచ్చ ఒక్కసారిగా మెరుస్తాయి. నగలుగా కొట్టిన చిల్లుల్లోంచి చుక్కలు చుక్కలుగా వెలుగు రాలుతుంది. మోచేతి దగ్గర దారంతో కట్టిన కీలు ఉంది. ఆ చెయ్యి ఆడాలనే కదా ఆ కీలు కట్టింది! గోడ మీద అది కదలదు. తెర, పద్యం, హార్మోనియం, మధ్యలో నవ్వించడానికి వచ్చే బంగారక్కతో జుట్టుపోలిగాడి తగవు, ఇవేవీ కొట్లో దొరకవు.

పెళ్లిళ్లలో డీజేకీ డ్రోన్ కెమెరాకీ వేలకు వేలు పోస్తున్నాం. ఒక్క రెండు గంటలు బొమ్మలాట పెట్టించండి. ఈ వినాయక చవితికి మా అపార్ట్‌మెంట్‌లో నేను అడగబోతున్నాను. నా వాటా ముందే ఇచ్చేస్తాను.