అండమాన్‌కి గంటా ఇరవై నిమిషాల ప్రయాణమట!

సెలవులు దగ్గరపడ్డాయో లేదో అండమాన్ మెసేజ్ మళ్ళీ బయల్దేరింది. కాలేజీ గ్రూపులో ఒకరు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇద్దరు, ఆఖరికి మా పెద్దమామయ్య కూడా పంపారు. అందులో అయిదు "రహస్యాలు" ఉన్నాయి. మొదటిది: "విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్ 1,200 కిలోమీటర్లే. విమానం గంటకి 900 పోతుంది. అంటే గంటా ఇరవై నిమిషాలు. టికెట్ మీద రెండు గంటలు వేసి, హైదరాబాద్ మీదుగా తిప్పి దోచుకుంటున్నారు."

దూరం దాదాపు అంతే. కానీ 900 అనేది పైకి చేరాక అందుకునే వేగం. రన్‌వే దాకా మెల్లగా వెళ్ళడం, పైకెక్కడం, చాలా ముందునుంచే కిందికి దిగుతూ రావడం, ఇవన్నీ ఎవరి ఖాతాలో వేయాలి? చెన్నై నుంచి 1,370 కిలోమీటర్లకి రెండు గంటలు దాటేది అందుకే. పైగా వర్షాకాలంలో పైన తూర్పుగాలులు జోరుగా ఉంటాయి. వెళ్ళేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు. అయినా ఊరికే గాల్లో తిప్పితే కంపెనీకి ఏం ఒరుగుతుంది? ఇంధనం ఎవడబ్బ సొమ్ము?

హైదరాబాద్ గురించి అన్నది మాత్రం ఒప్పుకుంటాను. పడమరకి 500 కిలోమీటర్లు వచ్చి, మళ్ళీ తూర్పుకి 1,660 వెళ్ళడం విశాఖవాడికి నిజంగానే ఒళ్ళు మండే పని.

పాస్‌పోర్టు కావాలట. అక్కర్లేదు, అది మన దేశమే. గడియారం గంట ముందుకి తిప్పాలట. వద్దు. దేశమంతటికీ టైము లెక్కకట్టే రేఖాంశం కాకినాడ దగ్గర్నుంచి పోతుంది, ఆ టైమే అక్కడా నడుస్తుంది. సూర్యుడు మాత్రం ఓ నలభై నిమిషాలు ముందే వస్తాడు. అన్నట్టు, 2024లో పోర్ట్‌బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అయింది. మెసేజ్ రాసిన మహానుభావుడికి కబురు అందలేదు.

నాలుగోది: మధ్యాహ్నం దాటితే విమానాలు దిగవు, "బెర్ముడా లాంటి శక్తి" ఉందట. చాలా ఏళ్ళు పౌర విమానాలు ఎక్కువగా పొద్దున్నే నడిచిన మాట నిజమే. ఆ శక్తుల పేర్లు నేవీ, కొండ, గాలి. రన్‌వే నేవీది. ఒక చివర కొండ అడ్డం కాబట్టి దిగడం ఎక్కువగా ఒకవైపు నుంచే. వెనకనుంచి గాలి గట్టిగా తోస్తే, దిగకుండా చెన్నైకి తిరిగొచ్చిన విమానాలున్నాయి.

ఇక అయిదోది. దీన్ని నవ్వి వదిలెయ్యలేను. "అక్కడి నుంచి సెంటినల్ దీవి బోటులో గంటే. కొబ్బరికాయలిస్తే ఆదివాసులు దోస్తులైపోతారు."

బయటివాళ్ళని దగ్గరికి రానివ్వని ఆదివాసులు ఉండే దీవి అది. 1956 నాటి చట్టం కింద ఆ దీవి నిషిద్ధం. తీరానికి తొమ్మిది కిలోమీటర్ల దగ్గరకి కూడా పోకూడదు. 1991లో మానవశాస్త్రవేత్తల బృందం నుంచి వాళ్ళు కొబ్బరికాయలు అందుకున్నది నిజమే. తర్వాత ఆ యాత్రల్ని ప్రభుత్వమే ఆపేసింది. 2018లో దొంగతనంగా దిగిన అమెరికా మతప్రచారకుడు బాణాలకి బలయ్యాడు. అతన్ని తీసుకెళ్ళిన జాలర్లు అరెస్టయ్యారు. ప్రాణభయం మనకే అనుకుంటున్నారేమో! 1880లో పోర్ట్‌మన్ అనే బ్రిటిష్ అధికారి ఆ దీవి నుంచి ఆరుగురిని పట్టుకొచ్చాడు. వెంటనే జబ్బుపడ్డారు. పెద్దవాళ్ళిద్దరూ చనిపోతే, నలుగురు పిల్లల్ని కానుకలిచ్చి వెనక్కి దింపాడు. ఆ పిల్లలు ఏ రోగం మోసుకెళ్ళారో చూసినవాడు లేడు. మన జలుబుకి వాళ్ళ ఒంట్లో విరుగుడు లేదు. మీరిచ్చేది కొబ్బరికాయ కాదు సార్, దగ్గు.

మిగతా నాలుగూ ఎవరికైనా పంపుకోండి, అయిదోది చెరిపేసి మరీ.