ఆడిస్తే ఫీజు దండగా? మాట వచ్చేది అక్కడే

‘అరగంట సేపు ఫోన్లో ఆట ఆడించి ఫీజు తీసుకున్నారు’ అని విసుక్కునే తల్లిదండ్రులు తిరుపతిలోనూ ఉన్నారు, చిత్తూరులోనూ ఉన్నారు. మాటలు ఆలస్యమైన పిల్లలకు ఆన్‌లైన్లో స్పీచ్ థెరపీ ఇవ్వడం కోవిడ్ తర్వాత మామూలైపోయింది, దాని మీద ఎవరికీ పెద్ద అభ్యంతరం లేదు. కానీ ఆ సెషన్లో థెరపిస్టు ఏదో ఉచిత వెబ్‌సైట్ తెరిచి బొమ్మల జతలు కలిపే ఆటో, పాములూ నిచ్చెనలో మొదలుపెడితే ఇంట్లోవాళ్లకు మనసొప్పదు. ‘క’ అను, ‘ర’ అను అని పలికించడమే చికిత్స అనుకుంటాం. నేనైతే ఆ ఆటే చికిత్స అంటాను, ఇంకాస్త ఎక్కువ ఆడించమని కూడా అంటాను.

ఒక్కసారి పక్కన కూర్చుని చూడండి. స్క్రీన్ షేర్ చేసింది థెరపిస్టు, మౌస్ ఉన్నది ఆమె చేతిలో. పాచిక తిప్పాలని పిల్లాడికి ప్రాణం కొట్టుకుంటోంది, కానీ చేతికి అందదు. ‘తిప్పు’ అంటేనే తిరుగుతుంది. ఆమె కావాలనే ఒక్కోసారి తప్పు బొమ్మ మీద నొక్కుతుంది, వాడు ‘అది కాదు, ఎర్రది!’ అని అరుస్తాడు. ఆ మాట ఎవరూ వెంటపడి అనిపించలేదు, అవసరం పడి వాడి నోట్లోంచి వచ్చింది. ఇంట్లో మనం చేసేది దీనికి పూర్తిగా ఉల్టా: పిల్లాడు వేలు చూపించేలోపే నీళ్లు అందించేస్తాం, ఇక వాడు నీళ్లు అని ఎందుకంటాడు?

ఉచ్చారణ సరిగా లేని పిల్లల సంగతీ ఇంతే. ‘ర’ కుదరాలంటే ఆ శబ్దం నోట్లో వందలసార్లు తిరగాలి. కార్డులు పెట్టి అన్నిసార్లు చెప్పించబోతే పిల్ల కాసేపటికే కుర్చీ దిగి పారిపోతుంది. అదే ఆటలో ప్రతి వంతుకూ ముందు ‘రాయి, కారు, చీర’ అంటేనే పావు కదులుతుందని షరతు పెట్టండి, విసుగు లేకుండా అంటూనే ఉంటుంది. గీస్తున్న బొమ్మ ఏమిటో కంప్యూటర్ ఊహించే ఆట, గూగుల్ 2016లో తెచ్చిన క్విక్ డ్రా లాంటి దాంట్లో థెరపిస్టు బొమ్మ గీస్తుంటే కంప్యూటర్ కంటే ముందు అదేంటో చెప్పేయాలని పిల్లలకు పంతం వస్తుంది. వీటిలో దేనికీ పైసా ఖర్చు లేదు. డాలర్లలో చందా కట్టాల్సిన అవసరం ఇక్కడి థెరపిస్టుకు ఉండదు. అంతకంటే ముఖ్యంగా, అదే ఆటను సాయంత్రం అమ్మ తన ఫోన్లో తెరిచి, ఉదయం చూసిన పద్ధతిలోనే ఆడించవచ్చు. క్లినిక్‌లోని ఖరీదైన బొమ్మల పెట్టెతో ఆ వీలు లేదు.

పిల్లలకు స్క్రీన్ ప్రమాదమనే వాదన ఉంది, అందులో నిజమూ ఉంది. రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అన్నం తినిపించడానికి యూట్యూబ్ పెట్టి ఫోను చేతికిచ్చే అలవాటు మీద నాకూ కోపమే. కానీ ఒంటరిగా చూసే వీడియోనూ, అవతల మనిషి ఉండి ప్రతి మాటకూ బదులిచ్చే సెషన్‌నూ ఒకే గాటన కట్టడం తప్పు. సరిగ్గా వినపడదన్న అభ్యంతరం దీనికంటే బలమైనది. ‘స’ లాంటి శబ్దాల బలమంతా పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది, బలహీనమైన నెట్‌వర్క్‌లో ముందు పోయేది అదే. మంచి హెడ్‌సెట్, నెలకో రెండు నెలలకో ఒకసారి ఎదురుగా కూర్చోబెట్టి పరీక్షించడం, ఈ రెండూ ఉంటే ఆ ఇబ్బంది చాలావరకు దాటవచ్చు.

కుప్పం నుంచి తిరుపతికి పిల్లాణ్ని తీసుకురావాలంటే ఒక రోజు కూలి పోయినట్టే. ఇలాంటి చికిత్స వారానికి రెండుసార్లు, నెలల తరబడి సాగాలి. ఏ కూలి కుటుంబం తట్టుకుంటుంది? మాట, భాషా లోపాన్ని 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాలో చేర్చింది. జాబితాలో చేరితే సరిపోతుందా, చికిత్స పలమనేరు దాకా, పుంగనూరు దాకా రావొద్దా?

నన్ను అసలు బాధపెట్టేది ఇంకొకటి. ఈ ఉచిత ఆటల్లో మన తెలుగు ఎక్కడ? ఇంగ్లిష్ వెబ్‌సైట్లలో శబ్దాల వారీ ఆటలు దొరుకుతాయి, కానీ ‘కళ్లు, నీళ్లు, తాళం’ అనలేని పిల్లాడికి ‘ళ’ మీద ఒక్క ఆట వెతికి చూడండి. మంచుబొమ్మలు, హాలోవీన్ గుమ్మడికాయలు కనిపిస్తాయి గానీ టమాటా బుట్ట, మేకపిల్ల, షేర్ ఆటో కనిపించవు. పైగా మధ్యమధ్యలో ప్రకటనలు. వెబ్‌సైట్లలో ఆటలు నడవడానికి వాడే అడోబీ ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌ను 2020 చివర్లో ఆపేసినప్పుడు ఎన్నో ఆటలు తెరుచుకోవడమే మానేశాయి. పరాయివాళ్లు పెట్టిన దాని మీద బతికితే అంతే, వాళ్లు ఎత్తేసిన రోజు మన దగ్గర ఏమీ మిగలదు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచగలిగిన రాష్ట్రానికి నాలుగేళ్ల పిల్లాడి చేత మాట్లాడించే పది తెలుగు ఆటలు చేయించడం భారమా?

చేసేవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. ఐఐటీ తిరుపతి ఉంది, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది, వినికిడి లోపమున్న పిల్లలతో పనిచేసే టీటీడీ శ్రవణం ఉంది. విద్యార్థుల ప్రాజెక్టు కింద ఇచ్చినా పులి-మేక ఆటతో మొదలుపెట్టవచ్చు. ‘పులిని జరుపు’ అంటేనే పులి కదలాలి, ప్రకటనలు ఉండకూడదు, పిల్లల వివరాలేవీ అడగకూడదు, చిన్న ఫోన్లో, నెట్ నెమ్మదిగా ఉన్నా నడవాలి. దాన్ని మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలకు ఇచ్చి, అక్కడ ఒక కంప్యూటర్, హెడ్‌సెట్ పెట్టి, తిరుపతిలోని థెరపిస్టుతో వారానికి రెండు సెషన్లు కలిపితే కుప్పం తల్లి కూలి మానుకోకుండానే పిల్లాడి చికిత్స సాగుతుంది. ఈ విద్యా సంవత్సరంలోనే ఒక్క మండలంలో మొదలుపెట్టమని కలెక్టర్లను అడుగుతున్నాను.