సవరణ: సుంకి ఘాట్ దిగేటప్పుడు బ్రేకు, టైర్లలో గాలి

సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా ఒడిశాలోని దేవమాలి శిఖరానికి ఒకరోజు బైకు ప్రయాణం గురించి మొన్న రాసినదాంట్లో రెండు మాటలు తప్పు. రాయగడ, కోరాపుట్ వైపు మిత్రులు పాటిస్తే ప్రమాదం కనుక సరిదిద్దుతున్నాం.

"దిగేటప్పుడు వెనక బ్రేకు కాస్త తొక్కిపట్టి ఉంచండి" అన్నాం. అలా చేయకండి. తొక్కిపట్టిన బ్రేకుకి చల్లారే వ్యవధి ఉండదు. డిస్కు వేడి ప్యాడ్ల గుండా బ్రేకు ఆయిల్‌కి ఎక్కి, అది మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. అప్పుడు పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. కొత్త డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక 155 దగ్గరే మరగొచ్చు. అందుకే రెండేళ్లకోసారి మార్చాలి. డ్రమ్ము బ్రేకులో ఆయిల్ లేకపోయినా లైనింగ్ వేడెక్కి పట్టు పోతుంది. ఏ గేరులో ఘాట్ ఎక్కారో ఆ గేరులోనే దిగండి, రెండో మూడో. మలుపుకి ముందే రెండు బ్రేకులూ కలిపి పట్టి, వేగం తగ్గగానే పూర్తిగా వదిలేయండి. న్యూట్రల్ వద్దే వద్దు.

ఎండకి టైర్లలో గాలి తగ్గించమన్నదీ తప్పే. గాలి తక్కువైతే టైరు ఎక్కువగా నలిగి మరింత వేడెక్కుతుంది. కంపెనీ చెప్పిన అంకె చల్లటి టైరుకే. పొద్దున్నే బయల్దేరేముందు చూసుకోండి. గాలి తగ్గించేది ఎడారి ఇసుకలో నడిపేవాళ్లు. వాళ్లూ తారురోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపుకుంటారు.

దేవమాలి ఎత్తు 1,672 మీటర్లన్నది సరైనదే.